మీకు తెలుసా? బ్యాటరీ లోగుట్టు కుదుపులోనే తెలుస్తుంది

భద్రాచలం గోదావరి వంతెన మీద ఎలక్ట్రిక్ ఆటో యాక్సిలరేటర్ తిప్పగానే బ్యాటరీ వోల్టేజీ చటుక్కున పడిపోతుంది. ఆపితే మెల్లగా కోలుకుంటుంది. ఈ పడిలేచే తీరులోనే అసలు సమాచారమంతా ఉంది! తక్షణం పడిన వోల్టేజీని కరెంటుతో భాగిస్తే లోపలి నిరోధం తెలుస్తుంది. ఉదాహరణకు 50 ఆంపియర్లకు 2 వోల్టులు పడితే 0.04 ఓమ్‌లు. ఆ తర్వాత కోలుకునే వేగం లోపల అయాన్లు ఎలా కదులుతున్నాయో చెబుతుంది. ఒకే కరెంటుతో నింపాదిగా నడిపి కొలిస్తే ఈ రెండూ కలగలిసిపోయి లెక్క తప్పుతుంది.

వోల్టేజీ చూసి ఛార్జి ఎంతుందో చెప్పడం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీతో మరీ చిక్కు. ఛార్జి 80 శాతం నుంచి 40కి దిగినా సెల్ వోల్టేజీ 3.3 దగ్గరే తచ్చాడుతుంది.

వేడెక్కితే నిరోధం తగ్గుతుంది. 25 డిగ్రీల ల్యాబులో తీసిన అంకెలు 45 దాటే కొత్తగూడెం ఎండలకు సరిపోవు. ఇక్కడి వేడిలో మళ్లీ కొలవాల్సిందే.