విదేశీ ఎంబీబీఎస్: అపోహలు – వాస్తవాలు

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అయినా నీట్ ఫలితాలు వచ్చాక సీటు దొరకని ఇళ్లలో జార్జియా, కిర్గిజ్‌స్థాన్, రష్యా, ఫిలిప్పీన్స్ పేర్లు వినిపిస్తూనే ఉంటాయి. పొలం అమ్మో, అప్పు తెచ్చో బిడ్డను పంపాలనుకునే తల్లిదండ్రులకు అక్కడి చదువుకూ ఇక్కడి చదువుకూ ఉన్న తేడా ముందే తెలియాలి.

అపోహ: విదేశాల్లో చదవడానికి నీట్ అక్కర్లేదు.

వాస్తవం: అక్కడి విశ్వవిద్యాలయం ఇంటర్ మార్కులు చూసి చేర్చుకోవచ్చు. తిరిగొచ్చి ఇక్కడ వైద్యం చేయాలంటే మాత్రం నీట్‌లో అర్హత సాధించి ఉండాలి. 2018 నుంచి ఇదే నిబంధన. అర్హత వేరు, ర్యాంకు వేరు. వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో సీటు రావాలంటే మంచి ర్యాంకు కావాలి.

అపోహ: ఎక్కడైనా మెడిసిన్ ఇంటర్ తర్వాతే మొదలవుతుంది.

వాస్తవం: మన దగ్గర నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. జార్జియాలో ఆరేళ్లు. అమెరికాలో ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్ పరీక్ష, ఆపైన నాలుగేళ్ల మెడికల్ స్కూలు, తర్వాత రెసిడెన్సీ. ఫిలిప్పీన్స్‌లోనూ ముందు డిగ్రీ, తర్వాతే నాలుగేళ్ల ఎండీ. ఆ ఎండీ మన ఎంబీబీఎస్‌లాంటి తొలి పట్టాయే తప్ప, మన పీజీ ఎండీ కాదు.

అపోహ: పాఠాలు ఇంగ్లిషులోనే కాబట్టి భాషతో ఇబ్బంది లేదు.

వాస్తవం: వార్డులో రోగి రష్యన్‌లోనో జార్జియన్‌లోనో మాట్లాడతాడు. నొప్పి ఎప్పుడు మొదలైందో అడగలేని విద్యార్థి రోగి దగ్గర నేర్చుకోగలిగేది తక్కువ. మహబూబాబాద్‌లో చదివేవారికి తెలుగు వస్తే చాలా వరకు పని జరుగుతుంది, తండాల నుంచి వచ్చే రోగులతో లంబాడీ కూడా అలవాటవుతుంది. మలేరియా, డెంగీ, పాముకాటు కేసులను ఇక్కడ కళ్లారా చూస్తారు. చలి దేశాల్లో వీటిని ఎక్కువగా పుస్తకాల్లోనే చదవాలి.

అపోహ: పట్టా చేతికొస్తే డాక్టరే.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. అదే సంస్థలో మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. బోధన ఇంగ్లిషులో సాగాలి. ఆ దేశ పౌరులతో సమానంగా అక్కడ ప్రాక్టీసు చేసే అర్హత కూడా రావాలి. మొత్తం పదేళ్లలో ముగియాలి. ఆ తర్వాత విదేశీ వైద్య పట్టభద్రులకు ఇక్కడ పెట్టే 300 ప్రశ్నల ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 150 మార్కులు తెచ్చుకోవాలి, మన దేశంలో మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎఫ్‌ఎంజీఈలో ఉత్తీర్ణులు మూడో వంతు దాటడం అరుదు.

అపోహ: విదేశాల్లో చదివితే ఖర్చు తక్కువ.

వాస్తవం: ప్రైవేటు కళాశాలలోని మేనేజ్‌మెంట్ సీటుతో పోల్చితే చాలాసార్లు తక్కువే. ప్రభుత్వ కళాశాలలో ఏడాది ట్యూషన్ ఫీజు మాత్రం 10,000 రూపాయలే. విదేశీ ఫీజుకు హాస్టలు, విమాన టికెట్లు, ఎఫ్‌ఎంజీఈ కోచింగు, ఆ పరీక్ష గట్టెక్కేదాకా సంపాదన లేని నెలలు కలిపి లెక్క వేయాలి.

అపోహ: విదేశీ పట్టా ఉన్న డాక్టరంటే నాసిరకం.

వాస్తవం: ఈ మెట్లన్నీ ఎక్కినవారికి ఇక్కడి ఎంబీబీఎస్ డాక్టర్లతో సమానంగా రిజిస్ట్రేషన్ ఇస్తారు. నీట్ పీజీ కూడా రాయవచ్చు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టకముందే కోర్సు నెలలు, బోధనా భాష, ఇంటర్న్‌షిప్ జరిగే ఆస్పత్రి, అక్కడ లైసెన్సు అర్హత అనే నాలుగు వివరాలను విశ్వవిద్యాలయం నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.