హామ్లెట్ తొందరపడ్డ ఒక్క క్షణం

డిగ్రీ పిల్లలకు ‘హామ్లెట్’ పాఠం చెప్పినన్నాళ్లూ ఏ బ్యాచ్‌లోనూ ఒక ప్రశ్న తప్పేది కాదు. “పినతండ్రే హంతకుడని తేలిపోయింది కదా మేడమ్, చంపెయ్యక ఈ తాత్సారం ఎందుకు?” దీనికి జవాబు వెతుకుతూ రెండు వందల ఏళ్లకు పైగా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. పిరికివాడన్నారు, మరీ ఎక్కువ ఆలోచించేవాడన్నారు, తల్లి మీది మమకారమే చేతులు కట్టేసిందన్నారు. నేను మాత్రం పిల్లల్ని శవాలు లెక్కపెట్టమనేదాన్ని. నాటకం సాగుతుండగా పోయేవి ఎనిమిది ప్రాణాలు. హామ్లెట్ తేల్చుకోలేక తిరుగుతున్నంతసేపూ వాటిలో ఒక్కటీ పోదు. వెనకాముందూ చూడకుండా కత్తి దూసిన క్షణం నుంచే చావులు మొదలవుతాయి.

అసలు కథ షేక్స్‌పియర్ సొంతం కాదు. డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో గ్రమాటికస్ 1200 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన గ్రంథంలో ఆమ్లెత్ అనే రాకుమారుడున్నాడు. అక్కడ అన్నను తమ్ముడు చంపిన సంగతి అందరికీ తెలుసు. తనకూ అదే గతి పట్టకుండా ఉండాలంటే కుర్రవాడు పిచ్చి నటించక తప్పదు. అదను చూసి రాజమందిరానికి నిప్పుపెట్టి, పినతండ్రిని చంపి, గద్దె ఎక్కుతాడు.

1600 ప్రాంతంలో ఈ కథను లండన్ రంగస్థలానికి తెచ్చిన షేక్స్‌పియర్ హత్యను రహస్యం చేశాడు. తోటలో నిద్రపోతున్న రాజు చెవిలో తమ్ముడు క్లాడియస్ విషం పోసి, పాము కరిచిందని లోకాన్ని నమ్మించాడు. నెల తిరక్కుండా వదిన గెర్‌ట్రూడ్‌ను పెళ్లాడాడు. నిజం చెప్పింది తండ్రి దయ్యం ఒక్కటే. ఆ మాట ఏ సభలో సాక్ష్యం అవుతుంది? పైగా చనిపోయినవాళ్ల రూపంలో సైతాను వచ్చి మనుషుల్ని పాపంలోకి దింపుతాడని ఆ కాలపు ప్రొటెస్టెంట్ బోధకులు హెచ్చరించేవారు. అటువంటప్పుడు హామ్లెట్ ఆగడంలో తప్పేముంది? ఊరికి వచ్చిన నటుల చేత అచ్చం అలాంటి హత్యనే ఆడిస్తాడు. క్లాడియస్ తట్టుకోలేక లేచిపోతాడు. రుజువు దొరికింది.

ఇక్కడి నుంచి ఊపిరి బిగబట్టి చూడాలి. తల్లి దగ్గరికి వెళ్తున్న హామ్లెట్‌కు దారిలో క్లాడియస్ ఒంటరిగా మోకాళ్ల మీద కనిపిస్తాడు. కత్తి దూస్తాడు కూడా. ప్రార్థనలో ఉన్నవాణ్ణి చంపితే నేరుగా స్వర్గానికి పోతాడు, నా తండ్రికి ఆ అవకాశమే దక్కలేదే అనుకుని వెనక్కి తగ్గుతాడు. అతను వెళ్లిపోయాక క్లాడియస్ లేచి, తన మనసు ప్రార్థనలో నిలవలేదని ఒప్పుకుంటాడు. కిరీటాన్నీ రాణినీ వదులుకోకుండా క్షమాపణ ఎలా అడగను అన్నదే అతని బాధ. అంటే ఆ క్షణంలో చంపి ఉంటే హామ్లెట్ కోరుకున్నట్టే జరిగేది. ఆ సంగతి ప్రేక్షకులకు తెలుసు, హామ్లెట్‌కు తెలియదు.

ఆ వెంటనే తల్లి గదిలో తెర వెనక అలికిడి. ఎవరని చూడడు, అడగడు. రాజే అనుకుని తెర మీంచే పొడిచేస్తాడు. పడింది మంత్రి పొలోనియస్, తను ప్రేమించిన ఒఫీలియా తండ్రి.

నాటకంలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఒఫీలియా. తండ్రి చెప్పాడని హామ్లెట్‌కు దూరమవుతుంది. తండ్రీ రాజూ చాటున నిలబడి వింటుంటే అతనిచ్చిన కానుకలు తిరిగి ఇచ్చేస్తుంది. తన మనసులో మాట నోరారా ఒక్కసారీ చెప్పుకోదు. ప్రేమించినవాడి చేతిలోనే తండ్రి పోయాడు. ఆ శవాన్ని గుట్టుచప్పుడు కాకుండా పూడ్చేశారు. అన్న లేర్టిస్ ఫ్రాన్స్‌లో ఉన్నాడు. 1603లో వచ్చిన మొదటి ముద్రణలో ఆమె ప్రవేశం ఇలా ఉంటుంది: జుట్టు విరబోసుకుని, వీణ లాంటి ల్యూట్ వాయిస్తూ, పాడుతూ వస్తుంది. హామ్లెట్ పిచ్చి నటన, అందులో చమత్కారం ఉంది, వ్యూహం ఉంది. ఈ పిల్లది నిజం పిచ్చి. చావు పాటల్లో, పెళ్లికాని పిల్ల పైకి పాడకూడని పాటల్లో, అంతకాలం అణచుకున్నదంతా బయటపడుతుంది.

తర్వాత మళ్లీ వచ్చి, ఉన్నవాళ్లకు పూలూ ఆకులూ పంచుతుంది. కాలేజీలో ఈ రంగం వేసినప్పుడు రోజ్‌మేరీ, సదాపాకు ఎక్కడ తెస్తాం? మరువం, బంతిపూలు, చేదు కోసం వేపరెబ్బలు పెట్టుకున్నాం. రిహార్సల్లో ఒఫీలియా వేసిన అమ్మాయి చేతిలో రెబ్బతో ఆగిపోయింది. ఎవరికి ఏది ఇవ్వాలో షేక్స్‌పియర్ రాయలేదు, అంతా నటి చేతిలోనే ఉంది. ఆ అమ్మాయి రాణి ఎదుటికి వెళ్లి వేపరెబ్బ చేతిలో పెట్టింది, ఇంకో రెబ్బ తన జడలో తురుముకుంది. రాణి వేసిన పిల్ల తన డైలాగు మరిచిపోయి ఆమె వంకే చూస్తూ నిలబడింది.

వాగులో పడి ఒఫీలియా చనిపోయిన తీరు రాణి నోట వింటామే గానీ కళ్లతో చూడం. జారిపడిందా, తనే పోయిందా? గోతులు తవ్వేవాళ్లు దీని మీద కోర్టు వాదనే చేస్తారు. 1554లో సర్ జేమ్స్ హేల్స్ అనే న్యాయమూర్తి నీళ్లలో మునిగి చనిపోతే, అది ఆత్మహత్య కాబట్టి ఆస్తి ఎవరికి చెందాలన్న వ్యాజ్యం నిజంగానే నడిచింది. గోతి పక్కన వినిపించేది ఆ వ్యాజ్యానికి ప్రతిధ్వని అంటారు పండితులు. పూజారి కూడా పూర్తి కర్మకాండ చెయ్యనంటాడు.

లేర్టిస్‌కు తాత్సారం లేదు. చర్చిలోనైనా సరే హామ్లెట్ గొంతు కోస్తానంటాడు. ఆ తొందరనే క్లాడియస్ వాడుకుంటాడు. కత్తికి విషం, పానపాత్రలో విషం. ఆఖరికి రాణి, రాజు, లేర్టిస్, హామ్లెట్ ఒకరి వెంట ఒకరు పోతారు. హామ్లెట్ పగ తీర్చుకునేది తన ఒంట్లోకి విషం ఎక్కాకే. ఆ రంగమంతటా ఒక్కరి నోటా ఒఫీలియా పేరు రాదు. చివరి ఘడియలో లేర్టిస్ తన చావునూ తండ్రి చావునూ తలుస్తాడు, చెల్లెలి ఊసెత్తడు.

దర్శకులు ఆమెను మరవలేదు. సోవియట్ దర్శకుడు గ్రిగొరీ కొజింత్సెవ్ 1964 సినిమాలో తండ్రి పోయిన ఒఫీలియాకు సంతాప దుస్తుల కింద ఇనుప చట్రం బిగిస్తారు. ఆ పిల్ల మారు మాట్లాడకుండా నిలబడుతుంది. విశాల్ భరద్వాజ్ ‘హైదర్’ (2014) ఈ కథను కశ్మీరుకు తెచ్చింది. అందులో ఒఫీలియా లాంటి అర్షియాగా శ్రద్ధా కపూర్ నటించింది. మొదటిసారి చూసేవాళ్లు దేనితో మొదలుపెట్టినా మంచిదే. పుస్తకం పట్టేవాళ్లు మాత్రం మూడో అంకంలో మూడు, నాలుగు రంగాలను మధ్యలో ఆపకుండా ఒక్క ఊపున చదవండి.