ఆకుకూర అలవాటు కావలెనంటే

“ఆకుకూరలు ఎక్కువగా తినండి” అని చెప్పని వైద్యుడు లేడు. అయినా విస్తరిలో కూర పెరుగుట లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచించినది.

తెలిసినది ఆచరణలోకి ఎందుకు రాదు? ఆ సంస్థలో పూర్వం పనిచేసిన శాస్త్రవేత్త డాక్టర్ మహతాబ్ బామ్జీ, డంగోరియా చారిటబుల్ ట్రస్టు పక్షాన మెదక్ జిల్లా నర్సాపూర్ పల్లెలలో దీనిని పరిశీలించారు. బోధనతో పాటు పెరటితోటలు కూడా వేయించగా ఆకుకూరల వాడకం పెరిగినది. కూర చేతికి అందినప్పుడే మాట చెవికెక్కును.

రెండవ ఆటంకం అలవాటు. చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం దీనికి ఉపాయం చెప్పినది. అలవాటైన అపథ్యమును నాల్గవ వంతు చొప్పున విడుచుచు, పథ్యమును అదే క్రమమున చేకొనవలెను. గురుకులంలో నేర్చిన ఈ పాదాంశ క్రమమునే నారాయణపేటలో నా వద్దకు వచ్చువారికి చెప్పుచున్నాను.

మా వైపు జొన్నరొట్టె, కందిపప్పు నిత్యభోజనం. ఆ పప్పులోనే మొదట పావు గిన్నె తోటకూర తరిగి వేయండి. రెండు మూడు రోజులు గడచిన పిదప అర గిన్నె, ఆపై ముప్పావు, చివరకు నిండు గిన్నె. నాలుకకు కొత్త తెలియదు, పిల్లలు పళ్ళెం నెట్టివేయరు. తరువాత పుంటికూర, గంగవాయిలి, మునగాకు మార్చి మార్చి వండుకొనవచ్చును. పప్పు దింపిన పిమ్మట నిమ్మరసం పిండినచో ఆకులోని ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనంతో టీ త్రాగినచో ఆ ఇనుము సరిగా పట్టదు. గంట సేపు ఆగవలెను.

పెరడు లేనివారు పాత కుండలో తోటకూర గింజలు చల్లుకొనవచ్చును. బియ్యం కడిగిన నీరు పోసినా పెరుగును; మూడు నాలుగు వారాలలో కోతకు వచ్చును.

మూత్రపిండాలలో రాళ్ళున్నవారు పాలకూర, తోటకూర, గంగవాయిలి పెంచుటకు ముందు వైద్యుని అడుగవలెను. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడువారు కూడా అంతే. తీవ్రమైన రక్తహీనతకు కూర ఒక్కటే చాలదు. రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుడు ఇచ్చిన ఇనుము మాత్రలు మానక వాడవలెను.

ఇంటివారికి ఉపదేశం కొంత తగ్గించి, రేపటి పప్పులో గుప్పెడు ఆకు వేసి చూడండి.