మెరుగు చక్రము

అనంతపురము సీమలో పాత కొయ్య రేడియోను పదిలముగా దాచుకొన్న గృహస్థులందఱికిని ఒక అనుభవము కలదు. ఉదయము మూత తుడిచి పెట్టినను, మధ్యాహ్నమునకు దానిపై ఎఱ్ఱని ధూళి మరల పేరుకొనును. ఆ ధూళిని పొడిగుడ్డతో రుద్దినకొలది సన్నని గీతలు పడి, కొన్ని ఏండ్లకు మూత కళ తప్పును. కొయ్య చెడలేదు, పూత ఊడలేదు, మెరుగు మాత్రము పోయినది. అది ఎట్లు పోయినదో తెలిసికొన్నచో తిరిగి ఎట్లు వచ్చునో కూడ తెలియును. గిటారు, మాండొలిను, రేడియో పెట్టె మొదలగు వాని పూతకు మెరుగు పెట్టు చక్రయంత్రమును అమర్చుకొను విధమును గూర్చి ఇప్పుడు ముచ్చటింతము.

ఈ వాద్యములు మనకు పరాయివి కావు. పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో కీర్తిశేషుడైన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండొలినుపై కర్ణాటక సంగీతమును దేశదేశముల వినిపించెను. గిటారు నేడు చిన్న పట్టణములలోని ఇండ్లకును వచ్చినది. వాద్యము వచ్చినచోటికి దాని మరమ్మతు కూడ రావలసియుండును గదా!

మెరుగనగా నేమి? పెన్న యొడ్డున నున్న తాడిపత్రికి పోయి, నాపరాళ్ళకును గ్రానైటు పలకలకును మెరుగు పెట్టు చోట కొంతసేపు నిలిచినచో సమాధానము దొరకును. అచ్చట పలకను మొదట గరుకు సానతో అరుగదీయుదురు. పిదప అంతకన్న సన్నని సాన, ఆపై మరింత సన్ననిది. ప్రతి సానయు తనకు ముందుదాని గీతలను చెఱిపి, తన చిన్న గీతలను మిగిల్చిపోవును. కడపట మిగిలిన గీతలు కంటికి కనబడనంత సూక్ష్మమైనప్పుడు వెలుతురు చెదరక తిన్నగా తిరిగివచ్చును. దానినే మనము మెరుగనుచున్నాము. మెరుగు పైనుండి పూసిన వస్తువు కాదు; గీతలను క్రమముగా సన్నగిల్లజేయుటయే మెరుగు.

కొయ్య వాద్యమునకును సూత్ర మిదియే. కాని రెండు భేదములు కలవు. రాతిపలక మందమైనది, వాద్యముపై పూత మిల్లీమీటరులో పదవ వంతుకు అటునిటుగా మాత్రమే యుండును. రాయి వేడికి లొంగదు, పూత లొంగును. లక్కపురుగు నుండి వచ్చు లక్క దాదాపు 75 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరుగును. అంతకు ముందే మెత్తబడును. కావున లక్కపూతకు యంత్రము కన్న చేతిగుడ్డయే మేలు. కార్లకు రంగు వేయుటకై 1920ల నుండి ప్రచారములోనికి వచ్చి, పిమ్మట గిటార్లకును వాడబడిన నైట్రోసెల్యులోజు లాకరు కొంత గట్టిది; అయినను వేడికి మెత్తబడునదే. పాలియురేథేను వంటి నేటి పూతలు ఇంకను గట్టివి. ఏ పూతయో తెలియక చక్రము త్రిప్పరాదు.

మేము తొలుత చేసిన పొరపాటు వేగమును గూర్చినది. చక్రము ఎంత వేగముగా తిరిగిన అంత మెరుగు వచ్చునని తలచి, మోటారు ఇరుసునకే గుడ్డచక్రమును బిగించి, పాత రేడియో మూత నొకదానిని పట్టితిమి. రెప్పపాటులో పూత ముడుతపడి, లోని కొయ్య కనబడెను. నెలల తరబడి పొరపొరగా వేసిన పూత క్షణములో పోయినది. అది మూత గనుక సరిపోయినది. ఒక వాద్యకారుని జీవనాధారమైన వాద్యమైయున్నచో ఏమని సమాధానము చెప్పుదుము?

వేగము లెక్క సులభము. మన విద్యుత్తుతో నడచు సాధారణ మోటారు నిమిషమునకు సుమారు 1440 చుట్లు తిరుగును. 35 సెంటిమీటర్ల అడ్డుకొలత గల చక్రము చుట్టుకొలత ఇంచుమించు 110 సెంటిమీటర్లు. మోటారునకే బిగించినచో చక్రపు అంచు నిమిషమునకు 1580 మీటర్లు పరుగెత్తును. పలుచని పూతకు ఇది మిక్కిలి యెక్కువ. మోటారుపై 5 సెంటిమీటర్ల పుల్లీ, చక్రపు ఇరుసుపై 10 సెంటిమీటర్ల పుల్లీ అమర్చి, బెల్టు వేసినచో ఇరుసు 720 చుట్లకు తగ్గును. అంచు వేగము 790 మీటర్లగును. ఇది గిటారు పనికి తగిన వేగము.

ఇరుసును రెండు బేరింగులపై నిలిపి, దిమ్మెను నేలకు బోల్టులతో బిగింపవలెను. వాద్యమును నలువైపుల త్రిప్పుటకు చక్రము ముందును క్రిందను కనీసము అర మీటరు ఖాళీ యుండవలెను. బెల్టుకు కప్పు తప్పనిసరి. మోటారును భూమికి కలిపిన తీగ తప్పక యుండవలెను. మీట చేతికి గాని కాలికి గాని వెంటనే అందవలెను. నిలుచున్నవాని యెదుట చక్రపు ముఖము పైనుండి క్రిందికి దిగునట్లు తిరుగవలెను. ఇరుసు మట్టమునకు దిగువ భాగముననే వాద్యమును తాకింపవలెను. చక్రము ఒకవేళ లాగికొన్నను అది క్రిందికిని, మనకు దూరముగాను పోవును. అందుకే నేలపై బొంతయో పరుపో పఱచుట మంచిది.

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది ధూళి. పడమటి కనుమల చాటున నుండి, తూర్పు తీరమునకు దూరమైన ఈ పీఠభూమికి రెండు ఋతుపవనములును చాలీచాలని వానలనే తెచ్చును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతము గల ఈ నేలపై గాలికి లేచు మట్టిలో పలుగురాతి రేణువులుండును. అవి ఏ వార్నిషు కన్నను గట్టివి. ఒక్క రేణువు గుడ్డచక్రములో చిక్కుకొన్నను, ప్రతి చుట్టునకు ఒక గీత గీయును. కావున నైరృతి గాలి వీచు దిక్కున కిటికీలు మూసి, తూర్పున వెలుతురు వచ్చునట్లు గది నేర్పఱచుకొనవలెను. నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. పని లేనప్పుడు చక్రములకు గుడ్డసంచి తొడుగవలెను. మంచి మోటారునకు వెచ్చించిన ధనమంతయు మురికిగదిలో వ్యర్థము.

పూత వేసిన వెంటనే చక్రము జోలికి పోరాదు. లాకరు ఆరుటకు కనీసము మూడు నాలుగు వారములు కావలెను. ముక్కు దగ్గఱకు తెచ్చినప్పుడు ద్రావకపు వాసన తగిలినచో ఇంకను ఆరలేదని గ్రహింపవలెను. తరువాత తంతులు, మరలు తీసివైచి, 800, 1000, 1200, 2000 అంకెల నీటికాగితములతో వరుసగా రుద్దవలెను. నీటికి కఱవైన సీమ యని జంకనక్కఱలేదు. ఒక గిన్నెడు నీరు చాలును. కాని కాగితము మార్చినప్పుడెల్ల నీటిని మార్చుట మఱువరాదు.

కుట్లు వదులుగా నున్న మెత్తని నూలుగుడ్డ చక్రములు రెండు కావలెను: ఒకటి నడిమి రకపు మెరుగు ముద్దకు, రెండవది సన్నని రకమునకు. ఒకదాని ముద్దను మఱొకదానికి తాకింపరాదు. తిరుగుచున్న చక్రమునకు ముద్దను క్షణకాలము ఆనించిన చాలును. ఎక్కువైనచో గట్టిపడి పూతను కాల్చును. అప్పుడు మొద్దుబారిన రంపపుటలుగుతో చక్రమును దువ్వవలెను. వాద్యమును ఒకచోట నిలుపక కదలించుచునే యుండవలెను. నడుమనుండి దిగువ అంచు వైపునకే మెరుగు పెట్టవలెను. పిమ్మట వాద్యమును త్రిప్పి రెండవ సగము చేయవలెను. పై అంచును చక్రమునకు ఎదురొడ్డినచో వాద్యము చేయి జాఱుట నిశ్చయము. నడుమ నడుమ అరచేతితో తాకి చూడుడు; వెచ్చనైనచో ఆగుడు.

వ్రేలాడు ఉత్తరీయము, పైటకొంగు, విడిచిన జుట్టు, ఉంగరములు, గాజులు, చేతితొడుగులు చక్రము దాపునకు రారాదు. కన్నులకు అద్దములు, ముక్కునకు గుడ్డ కావలెను. నైట్రోసెల్యులోజు పొడి త్వరగా అంటుకొనును గనుక, ప్రతిదినము దానిని ఎత్తివేయవలెను; ఆ గదిలో చుట్ట, బీడి పనికిరావు.

ఇంత చెప్పినను, ఇంటిలోని ఒక్క రేడియో పెట్టె కొఱకు యంత్రము కొననక్కఱలేదు. మెత్తని గుడ్డ, సన్నని మెరుగు ముద్ద, ఓపిక యున్న చాలును. అయితే ముందు ధూళిని తడిపి పిండిన గుడ్డతో మెల్లగా ఎత్తి, ఆ పిమ్మట రుద్దుడు. గీతలు పుట్టించునది ఆ ధూళియే. దానిని తొలగించినవాడు సగము మెరుగు పెట్టినవాడే.