నల్లగొండ విధానము: పటికతో ఫ్లోరైడు నివారణ

కంటికి తేటగా నున్నంత మాత్రమున నీరు నిరపాయకరము కాదనుటకు నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతపు బావుల కంటె వేఱు నిదర్శనము అక్కఱలేదు. రంగు గాని, వాసన గాని లేక, నాలుకకు దోషమేమియు తోపనీయక, ఆ నీటియందు కరగియున్న ఫ్లోరైడు, ఏండ్ల తరబడి త్రాగినవారి దంతములపై గోధుమవన్నె చారలను పుట్టించి, పిమ్మట ఎముకలలోని కాల్షియముతో బంధమేర్పఱచుకొని, కీళ్ళను బిగించి, వెన్నును వంచి, ఎదుగు పిల్లల మోకాళ్ళను వంకరపుచ్చును. కాచి త్రాగిన మేలు కలుగునా యన్నచో, కాగిన కొలది నీరు ఆవిరియై తఱుగునే గాని ఫ్లోరైడు తఱుగదు. మిగిలిన నీటిలో దాని పాలు ఇంకను హెచ్చును.

మన దేశమున ఈ వ్యాధిని నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో పరిశీలించి, 1937లో షార్టు మొదలగు వైద్యులు లోకమునకు వెల్లడించిరి. దీనికి మూలము ఏ కర్మాగారమును కాదు. మన కాళ్ళ క్రింది రాయియే. నల్లగొండ ప్రాంతపు నల్లరాతి పొరలలో ఫ్లోరైటు, బయోటైటు, అపటైటు అను ఖనిజములు కలవు. పగుళ్ళగుండ దిగిన వాననీరు చిరకాలము ఆ రాతిని అంటియుండి క్షారగుణమును పొందినపుడు, అందలి కాల్షియము సున్నపురాయిగా విడివడిపోవును. కాల్షియము కొఱవడిన నీటిలో ఫ్లోరైడు మఱింత సులభముగా కరగును. వానలు తక్కువయై, ఎండలు మిక్కుటమైన సీమలలో ఈ దోషము ప్రబలుటకును, చెఱువులు పూడి బోర్లు లోతునకు దిగిన కొలది అనేక స్థలములయందు విషమించుటకును ఇదియే కారణము. ప్రకృతి చేసిన కీడునకు మానవుడు ఈ విధముగా చేయూత నిచ్చుచున్నాడు.

భారతీయ ప్రమాణముల ననుసరించి త్రాగునీటియందు ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామును మించకుండుట మేలు. గత్యంతరము లేనిచో 1.5 వరకు సహింపవచ్చును. ఈ హద్దునకు నీటిని దింపు మార్గమును వెదకినవారు నాగపురమునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు. 1958లో ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధనాలయముగా వెలసి, 1974లో నేటి పేరు దాల్చిన ఆ సంస్థకు చెందిన నవలఖే, కులకర్ణి, పాఠక్, బులుసు అనువారు 1975లో ప్రకటించినదే నల్లగొండ విధానము. ఖరీదైన రెజిన్లను, విద్యుత్తును ఆశించు యంత్రముల జోలికి పోక, అంగడిలో దొరకు పటిక, సున్నము, బ్లీచింగు పొడులతోనే పని నెరవేర్చుట యిందలి విశేషము.

ఇంటిమట్టునకైనచో అడుగునకు కొంత యెత్తున కుళాయి బిగించిన 40 లీటర్ల బకెట్టు చాలును. సున్నమును, బ్లీచింగు పొడిని కలిపి, పిదప పటిక ద్రావణమును పోసి, 10 నిమిషములు మెల్లగా త్రిప్పవలెను. పటికనుండి పుట్టిన అల్యూమినియం హైడ్రాక్సైడు, విఱిగిన పాలలోని తరకలవలె కూడుకొని, ఫ్లోరైడును తనయందు పట్టి యుంచుకొనును. తొందరపడి గిలకొట్టినచో ఆ తరకలు చిదికిపోవును. పటికలో సుమారు 20వ వంతు వేయు సున్నము, పటికవలన కలుగు ఆమ్లగుణమును విఱిచి, తరకలు త్వరగా అడుగంటుటకు తోడ్పడును. బ్లీచింగు పొడి క్రిములను చంపును. ఒక గంట కదల్పక యుంచినచో మడ్డి అడుగున చేరును, మీది తేటనీరు కుళాయినుండి వచ్చును. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశములవారును ఈ పద్ధతిని చేపట్టి చూచిరి.

అయినను దీని కష్టములు దీనికి కలవు. బురదనీటిని తేర్చుటకు లీటరునకు కొన్ని పదుల మిల్లీగ్రాముల పటిక చాలునేమో గాని, ఫ్లోరైడును తీయుటకు వందల మిల్లీగ్రాములు వలయును. ఆ మోతాదును నీటి క్షారత్వమును, ఫ్లోరైడును కొలిచి నిర్ణయింపవలెను గాని, కంటి అంచనాతో వేయరాదు. తక్కువైన ఫ్లోరైడు మిగులును, ఎక్కువైన అల్యూమినియం, సల్ఫేటు నీటిలో చేరును. అన్నిటికంటె ముఖ్యముగా, తీసిన ఫ్లోరైడు నశింపలేదు, మడ్డిలోనికి మాఱినది. ఆ మడ్డిని బావిచెంతనే పాఱబోసినచో, తీసిన దానిని తిరిగి నేలకే అప్పగించినట్లగును.

కావున కాలుష్య నివారణోపాయమును తూచునపుడు, అది ఎంత తీసినదని గాక, తీసినది ఎక్కడికి చేరినదో, ప్రతిదినము కొలిచి కలుపువారెవరో కూడ అడుగవలెను. 2015లో చౌటుప్పలున పైలాను నెలకొల్పి చేపట్టిన మిషన్ భగీరథ పథకము కృష్ణాజలములను నల్లగొండ జిల్లా పల్లెలకు మఱలించుటతో ఈ ప్రశ్న చాలవఱకు మాఱినది. నీటిలోని దోషమును ఇంటింట తీయుటకంటె దోషము లేని నీటిని తెచ్చుట మేలని అది చాటినది. అయితే గొట్టమున నీరు రాని దినమున జనులు మరల బోరు దగ్గఱకే పోవుదురు. ఆ దినమునకై, చెఱువుల పూడిక తీసి వాననీటిని భూమిలోనికి ఇంకించి, బావినీటి ఫ్లోరైడును పలుచబఱచుటయు, ఏటేట ఆ నీటిని పరీక్షింపించుటయు, పథకము ఎంత గొప్పదైనను మానరాని పనులు.