నీలి కాగితం మీద సుద్ద బొమ్మ

18వ శతాబ్దంలో పారిస్‌లోని రాజ చిత్రకళా అకాడమీలో చేరిన విద్యార్థికి తొలినాళ్లలోనే మనిషిని చూసి గీసే అవకాశం దొరికేది కాదు. ముందు గురువుల బొమ్మలు, తర్వాత ప్లాస్టర్ విగ్రహాలు చూసి గీయాలి. ఆపైనే సజీవ మోడల్. చేయి పైకెత్తి చాలాసేపు కదలకుండా నిలబడే మోడల్‌కు ఆసరాగా తాడో కర్రో ఇచ్చేవారు. అలా గీసిన నగ్న దేహ చిత్రాలకు ‘అకాడమీ’లనే పేరు స్థిరపడింది. వాటిలో చాలావాటికి నీలం, బూడిద, లేత గోధుమ రంగు కాగితాలు వాడారు.

తెల్ల కాగితం మీద వెలుగు ఒక్కటి తప్ప ఛాయలన్నీ గీతలతోనే తేవాలి. రంగు కాగితం ఆ శ్రమలో సగం తానే మోస్తుంది. ఒంటి మీది నడిమి ఛాయ కాగితానిదే; నీడకు నల్లసుద్ద, వెలుగుకు తెల్లసుద్ద చాలు. మోకాలినే చూడండి: చిప్ప కింద దగ్గర దగ్గరగా వాలుగీతలు, చిప్ప మీద ఒక్క తెల్ల మెరుపు, నడుమ వట్టి కాగితం. కంటికి గుండ్రంగా తోచేది ఆ వట్టి చోటే. దాన్ని ముట్టకుండా వదలడమే ఇందులో అసలు నేర్పు. నలుపూ తెలుపూ ఒకదానిలో ఒకటి కలిశాయా, చర్మం కాస్తా మురికి బూడిద అయిపోతుంది.

ఈ సుద్దలు నేలలోంచి తవ్వినవే. నల్లది కర్బనం కలిసిన మెత్తటి బంకరాయి, తెల్లది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, వీటితో పాటు వాడే ఎర్రసుద్ద ఐరన్ ఆక్సైడు ఉన్న జేగురు. ఫ్రెంచ్ చిత్రకారుడు వాతో ఈ మూడింటినీ ఒకే బొమ్మలో అద్భుతంగా కలిపాడు. మరో ఫ్రెంచ్ చిత్రకారుడు బూషే నీలి కాగితం మీద ఎన్నో బొమ్మలు గీశాడు. కాగితపు గరుకు సుద్దను అరగదీసి, పొడిని నారల సందుల్లో పట్టి ఉంచుతుంది. జిగురు లేని పొడి కాబట్టి చేయి రాసుకుంటే చెదిరిపోతుంది.

నీలి కాగితాన్ని తరచు చిరిగిన నీలం బట్టల పేలికలతోనే చేసేవారు. నీలిమందు రంగు గుడ్డతో పాటే కాగితంలోకి వచ్చేది. వెలుతురు తగిలేకొద్దీ ఆ నీలం వెలిసి, కాగితం గోధుమ రంగుకు తిరుగుతుంది. నడిమి ఛాయ మారగానే చిత్రకారుడు కుదిర్చిన వెలుగునీడల తూకం చెడుతుంది. అందుకే మ్యూజియాల్లో ఇలాంటి బొమ్మలపై వెలుతురు సుమారు 50 లక్స్ మించకుండా చూస్తారు, కొన్నాళ్లు చూపించి చీకట్లో భద్రపరుస్తారు. పాత చట్రం విప్పినప్పుడు అట్ట అంచు కింద దాగిన సన్నటి పట్టీలో మొదటి నీలం ఒక్కోసారి అలాగే కనిపిస్తుంది.