చిన్న జట్టును గెలిపించిన మేనేజర్ పెద్ద క్లబ్బుకు తగునా?

చిన్న క్లబ్బును నిలబెట్టిన ఫుట్‌బాల్ మేనేజర్‌ను పెద్ద క్లబ్బు పిలిచిన ప్రతిసారీ అభిమానుల్లో ఒకే సందేహం తలెత్తుతుంది. ఆ బరువును ఆయన మోయగలరా? ఇంగ్లండ్‌లో మేనేజర్ అంటే కేవలం శిక్షకుడు కాదు. జట్టు కూర్పు, వ్యూహం, చాలాచోట్ల ఆటగాళ్ల కొనుగోలులోనూ ఆయన మాటకు విలువ ఉంటుంది. ఎంపిక బెడిసికొడితే నష్టం ఒక్క సీజన్‌తో పోదు.

డేవిడ్ మోయెస్ ఉదంతమే ఇందుకు నిదర్శనం. 2002 మార్చిలో ఎవర్టన్ పగ్గాలు చేపట్టిన ఆయన 11 ఏళ్లకు పైగా అక్కడే కొనసాగారు. ధనబలం అంతగా లేని ఆ క్లబ్బును 2004-05లో లీగ్‌లో నాలుగో స్థానానికి చేర్చారు. 2013లో పదవీ విరమణ చేస్తూ అలెక్స్ ఫెర్గూసన్ తన వారసుడిగా ఆయన పేరే సూచించగా, మాంచెస్టర్ యునైటెడ్ ఏకంగా ఆరేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. పది నెలలు తిరగకుండానే, 2014 ఏప్రిల్ 22న ఉద్వాసన పలికింది. అంతకు ముందు ఏడాది విజేతగా నిలిచిన జట్టు ఆ సీజన్‌ను ఏడో స్థానంతో ముగించింది.

సూచనలు ముందే కనిపించలేదా అంటే, కనిపించాయి. ఎవర్టన్‌లో ఉన్న అన్నేళ్లలో మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, చెల్సీ, ఆర్సెనల్ సొంత మైదానాల్లో మోయెస్ జట్టు ఒక్క లీగ్ మ్యాచ్ కూడా నెగ్గలేదు. చిన్న జట్టు అక్కడ ‘డ్రా’ చేసుకుని తిరిగొస్తే చప్పట్లు పడతాయి. పెద్ద క్లబ్బుకు అదే ఫలితం ఓటమితో సమానం. ఆటతీరూ మారుతుంది. చిన్న జట్టుపై ప్రత్యర్థి ముందుకొచ్చి ఆడతాడు కనుక వెనుక ఖాళీలు దొరుకుతాయి. పెద్ద జట్టు ఎదురైతే పదకొండుగురూ గోల్ ముందు గోడ కడతారు. దానిని ఛేదించే విద్య వేరు. 2014 ఫిబ్రవరిలో పట్టికలో అట్టడుగున ఉన్న ఫుల్హమ్‌పై సొంతగడ్డ మీద యునైటెడ్ ఆటగాళ్లు మైదానం అంచుల నుంచి గోల్ ముందుకు 80కి పైగా బంతులు వేశారు. మ్యాచ్ 2-2తో ముగిసింది. మరో ఉపాయం లేదన్నది ఆ రోజే తేలిపోయింది.

అలాగని ఆయనను అసమర్థుడనడం అన్యాయం. 2023లో వెస్ట్‌హామ్‌కు యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ టైటిల్ అందించింది మోయెసే.

ఫెర్గూసన్ సంగతి వేరు. సెల్టిక్, రేంజర్స్ ఏలుతున్న స్కాట్లాండ్ లీగ్‌లో ఆయన అబర్డీన్‌ను మూడుసార్లు విజేతగా నిలిపారు. 1983లో యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ను 2-1తో ఓడించారు. పెద్దవారిని పడగొట్టడం, గెలుపు తప్పనిసరైన ఒత్తిడిని భరించడం ఆయనకు కొత్త కాదు. అయినప్పటికీ 1986 నవంబరులో యునైటెడ్‌కు వచ్చాక తొలి ట్రోఫీ కోసం 1990 దాకా ఆగాల్సి వచ్చింది. క్లబ్బు ఓపిక పట్టింది. నేడు ఆ ఓపిక అరుదు. బ్రైటన్‌ను 2021-22లో తొమ్మిదో స్థానంలో నిలిపిన గ్రాహమ్ పాటర్‌ను 2022 సెప్టెంబరులో తీసుకున్న చెల్సీ, ఏడు నెలలైనా నిండకుండానే సాగనంపింది. ఇంత స్వల్పకాలంలో తేలేది మేనేజర్ సత్తాయా, యజమానుల తొందరపాటా అన్నది వేరే చర్చ.

చిన్న జట్టు నుంచి పెద్ద బాధ్యతకు ఎదిగిన శిక్షకుడు హైదరాబాదులోనూ ఉన్నారు. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో సిటీ పోలీస్ జట్టు బాధ్యతలు స్వీకరించారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. బలమైన జట్లను ఓడించి గెలిచిన అలవాటుతోనే ఆయన భారత జట్టుకు వెళ్లారు. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కాయి. అవసరాన్ని బట్టి ఎత్తు మార్చడమూ ఆయనకు తెలుసు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలోకి పంపారు. ఫైనల్లో భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించగా, అందులో ఒక గోల్ జర్నైల్‌దే.